గుట్ట అడ్డం ఉంటే అవతలి పొగ ఊరికి రాదా? క్వారీ రిపోర్టులో అలాగే రాశారు

గుట్టకింద_ఇల్లు

మాది ధర్మసాగర్ వైపు ఒక పల్లె, పేరు రాయను. ఊరికి తూర్పున గుట్ట ఉంది. గుట్ట అవతల రాతి క్వారీ, క్రషర్, దాని పక్కనే హాట్ మిక్స్ ప్లాంట్ (రోడ్లకు కంకర, తారు వేడిచేసి కలిపేది) పెడతారట. ప్రజాభిప్రాయ సేకరణకు నోటీసు వేసి, రిపోర్టు సారాంశం తెలుగులో ఇచ్చారు. అందులో ఒక వాక్యం: "ప్రాజెక్టుకు, గ్రామానికి నడుమ ఉన్న గుట్ట సహజమైన అడ్డుగోడగా పనిచేస్తుంది కనుక గ్రామంపై ప్రభావం ఉండదు." వెనక పేజీలో ఒక మ్యాప్, దాని మీద పొగ, దుమ్ము ఎక్కడ ఎంత ఉంటుందో చూపే రంగురంగుల గుండ్రాలు, కంప్యూటర్ మోడల్‌తో వేశామని కింద రాశారు. ఆ గుండ్రాలేమో గుట్ట మీదుగా, అక్కడ ఏమీ లేనట్టే సాఫీగా పోతున్నాయి. మాటల్లో గుట్ట అడ్డం, బొమ్మలో గుట్టే లేదు. ఇదెట్లా?

ఇంకో సంగతి. అవతల ఇప్పటికే ఇటుక బట్టీలు ఉన్నాయి. సంక్రాంతికి ముందు రోజుల్లో తెల్లారేసరికి ఆ పొగ వాసన మా వాకిట్లో ఉంటుంది. ఏప్రిల్‌లో అవే బట్టీలు, అదే గుట్ట, వాసన మాత్రం ఉండదు. గుట్ట ఆపేదైతే రెండు కాలాల్లోనూ ఆపాలి కదా. కొండలు పొగను ఏం చేస్తాయి, మోడల్‌లో దాన్ని ఎట్లా లెక్క కడతారు? తెలిసినవాళ్లు చెప్పండి. నేను బీకామ్, ఆ లెవెల్లో చెప్పండి.

మిర్చిబజ్జి_సెంటర్

గుట్టకు ఆధార్ లేదేమో, అందుకే మ్యాప్‌లో ఎక్కలేదు.

పత్తిచేను

ఈ మోడళ్లన్నీ హిమాలయాల దగ్గర పనికొస్తాయి గానీ మన గుట్టలకు ఎందుకన్నా. నూరు మీటర్లు ఉంటే గొప్ప. గాలి దాని మీద నుంచి దాటిపోతుంది, అంతే.

నిట్_ఆరో_సంవత్సరం

@పత్తిచేను ఎత్తు ఒక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది. అడిగినాయన చలికాలానికీ ఎండాకాలానికీ తేడా పట్టుకున్నాడు చూడండి, కొండల దగ్గర పొగ లెక్క మొత్తం దాని మీదే నడుస్తుంది.

మే నెల మధ్యాహ్నం నేల కాగిపోయి గాలి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా కలగలిసిపోతుంది. అప్పుడు నూరు మీటర్ల గుట్ట ఉన్నా లేనట్టే, పొగ దాన్ని ఎక్కేసి పైకి పోయి పలచబడుతుంది. డిసెంబర్ తెల్లవారుజామున తిరగబడుతుంది. నేల చల్లబడి కింద చల్లగాలి, దాని మీద వెచ్చటి గాలి. చల్లగాలి బరువైనది, దాన్ని గుట్ట ఎక్కించాలంటే బలం కావాలి. ఆ వేళ వీచేదే చిన్నగాలి, ఎక్కలేదు. ఎక్కలేనప్పుడు ఆగిపోదు, గుట్టను చుట్టుకుని పక్కల నుంచి వస్తుంది. కాబట్టి గుట్ట వల్ల పొగ ఎటు మళ్లుతుంది అని అడగాలి. మీ గుట్టకు పక్కన సందు ఉందా? అటు నుంచి మీ వైపు వాగు ఏమైనా వస్తుందా?

గుట్టకింద_ఇల్లు

ఉంది మేడం. ఉత్తరం పక్కన చిన్న గుట్ట ఇంకొకటి, రెంటి మధ్య సందు. అందులోంచి వాగు వచ్చి మా చెరువులో పడుతుంది. బట్టీలు ఆ వాగు ఒడ్డు మీదే. చెరువు కట్ట కింద మా వాడ.

నిట్_ఆరో_సంవత్సరం

అయితే చలికాలం పొగ మీకు ఎందుకు వస్తోందో తెలిసిపోయింది. రాత్రిపూట వాలు మీద చల్లబడిన గాలి నీళ్లలాగే పల్లానికి జారుతుంది, వాగు దారే దాని దారి. వచ్చి చెరువు పల్లంలో నిలబడుతుంది. దానికి తోడు చలికాలంలో మనకు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచే.

రిపోర్టులు_రాసేవాడు

అంత తొందరగా తీర్పు చెప్పకండి. నేను ఇలాంటి రిపోర్టులు తయారుచేసే చోటే పనిచేస్తా, ఈ రిపోర్టు మాది కాదు. మేం వాడేది ఏర్మాడ్ అనే మోడల్. అమెరికా పర్యావరణ సంస్థ 2005 చివర్లో దాన్ని అధికారిక మోడల్ చేసింది, మన దగ్గర కూడా ఈఐఏలన్నీ, అంటే ఇలాంటి పర్యావరణ ప్రభావ రిపోర్టులన్నీ, దాదాపు దాంతోనే. అందులో గుట్టల లెక్క ఉంది. ఏర్‌మ్యాప్ అని ఒక భాగం ఉంటుంది, ఉపగ్రహ ఎత్తుల డేటా తీసుకుని ప్రతి పాయింటు ఎత్తు ఎంత, దాని మీద ప్రభావం చూపే గుట్ట ఎంత అని లెక్క తీసి ఇస్తుంది. మోడల్ రెండు రకాల పొగలు ఊహించుకుంటుంది. ఒకటి గుట్ట ఎక్కకుండా అదే ఎత్తులో అడ్డంగా పోయేది, రెండోది నేల ఎత్తును బట్టి గుట్ట మీదుగా పోయేది. గాలి ఎంత బిగుసుకుని ఉందో, అంటే పైకీ కిందికీ కదలకుండా పొరలుగా ఎంత గట్టిగా నిలిచిందో చూసి రెంటినీ కలుపుతుంది. కాబట్టి మోడల్‌కు గుట్టలు తెలియవనడం తప్పు.

గుట్టకింద_ఇల్లు

మరి ఆ మ్యాప్‌లో గుండ్రాలు గుట్ట దగ్గర ఏమాత్రం వంగలేదేం సార్?

రిపోర్టులు_రాసేవాడు

ఏర్‌మ్యాప్ నడపకుండా 'ఫ్లాట్' అని పెట్టి రన్ చేస్తే అలాగే వస్తుంది. చదునైన నేల అని అర్థం. పని తొందరలో చాలామంది అదే పెడతారు, దాచడమెందుకు. కానీ బొమ్మ చూసి చెప్పలేం, ఇన్‌పుట్ ఫైల్ చూడాలి.

మిర్చిబజ్జి_సెంటర్

గుట్టను క్వారీ తవ్వకముందే మోడల్ తవ్వేసింది.

ఉత్తరగాలి

గాలి బొమ్మలు చూసే అలవాటుతో అడుగుతున్నా, ఏర్మాడ్ ఎందుకు అసలు? వాతావరణం అంచనా వేసే వర్ఫ్ మోడల్‌తో 1 కి.మీ. గ్రిడ్ (నేలను గడులుగా విడగొట్టడం) పెట్టి రన్ చేస్తే గుట్టలు, లోయలు, గాలి అన్నీ అదే చూసుకుంటుంది కదా. ఇప్పుడు మామూలు కంప్యూటర్లో కూడా నడుస్తోంది.

నిట్_ఆరో_సంవత్సరం

నడుస్తుంది, నా ఆరేళ్లు అక్కడే పోయాయి 😀 1 కి.మీ. గ్రిడ్ అంటే ఒక్కో గడికి ఒకే ఒక్క ఎత్తు. మన వరంగల్ చుట్టుపక్కల రాతిగుట్టలు చాలావాటి వెడల్పు అరకిలోమీటరు కూడా ఉండదు. గడి మొత్తానికి సగటు తీస్తే తొంభై మీటర్ల గుట్ట పది పదిహేను మీటర్ల ఉబ్బుగా మిగులుతుంది. అది కూడా మోడల్ పడిపోకుండా మనం నునుపు చేశాక ఇంకా తగ్గుతుంది. ఇంకా ఇబ్బంది ఏంటంటే వర్ఫ్ ఒక ఆకారాన్ని సరిగ్గా పట్టుకోవాలంటే దాదాపు ఏడు గడులు కావాలి. అంటే 1 కి.మీ. గ్రిడ్‌కు నిజంగా కనిపించేది ఏడు కిలోమీటర్ల సంగతులు. గోదావరి లోయ కనిపిస్తుంది, నిర్మల్ ఘాట్లు కనిపిస్తాయి, ఊరవతలి గుట్ట కనిపించదు.

గ్రిడ్ సన్నం చేద్దామంటే వాలు నిటారుగా అయ్యి లెక్క పేలిపోతుంది. టైమ్ స్టెప్, అంటే మోడల్ ఒక్కో లెక్కకు ముందుకు జరిగే సమయం, గ్రిడ్ కిలోమీటర్లకు ఆరు రెట్లు సెకన్లు పెట్టమంటారు, వాలు దగ్గర దాన్ని ఇంకా సగానికి దించాల్సి వస్తుంది. నేల దగ్గరి గాలి కలగలుపును లెక్కించే సూత్రాలు కూడా కొన్ని వందల మీటర్ల గ్రిడ్‌కు వచ్చేసరికి వాటి పరిధి దాటిపోతాయి, పెద్ద సుడులు సగం మోడల్‌లో కనిపిస్తుంటాయి, సగం సూత్రంలో ఉంటాయి, రెండుసార్లు లెక్కలో పడతాయి. రామగుండం నుంచి భూపాలపల్లి దాకా గాలి ఎట్లా కదులుతుందో చూడడానికి వర్ఫ్ బాగుంటుంది. ఒక గుట్ట, ఒక క్రషర్ అంటే వేరే పనిముట్టు.

ఉత్తరగాలి

మరి మీ థీసిస్‌లో ఏం చూపించారు మేడం?

నిట్_ఆరో_సంవత్సరం

దాని గురించి మా గైడ్ కూడా అడగడం మానేశారు.

ఖని_బి_షిఫ్ట్

మాది గోదావరిఖని. చలికాలం పొద్దున ఆరింటికి పెద్ద చిమ్నీల పొగ చూడాలి, గీత గీసినట్టు అడ్డంగా కిలోమీటర్ల దూరం పోతుంది, కిందికి దిగదు పైకి పోదు. అప్పుడు గాలి బాగానే ఉంటుంది, ఊళ్లో పొయ్యిల పొగ తప్ప. తొమ్మిది, తొమ్మిదిన్నర అయ్యేసరికి కళ్లు మండుతాయి, ఒక గంట తర్వాత మళ్లీ తగ్గుతుంది. నాకు ఎప్పుడూ అనుమానం, పొద్దెక్కితే గాలి బాగుపడాలి కదా, పాడెందుకు అవుతుంది? 275 మీటర్ల చిమ్నీ కట్టింది పొగ మాకు తగలకుండానే కదా?

నిట్_ఆరో_సంవత్సరం

మీరు చూసింది అచ్చంగా పాఠంలో ఉన్నదే. పొగలోంచి గంధకం తీసే ఏర్పాటు లేని 500 మెగావాట్లు, ఆ పైన యూనిట్లకు 275 మీటర్ల చిమ్నీ అని మన రూల్. రాత్రి చల్లగాలి పొర కంటే అది ఎత్తులో ఉంటుంది కాబట్టి పొగ ఆ పొర మీద తేలుతూ పోతుంది. ఎండ వచ్చాక నేల కాగి, కింద నుంచి గాలి కలగలుపు మొదలై పైకి పెరుగుతూ పోతుంది. ఆ కలగలుపు పొగ ఉన్న ఎత్తును అందుకోగానే రాత్రంతా పైన దాచిపెట్టిందంతా ఒక్కసారి కిందికి కలిసిపోతుంది. ఇంకా పొద్దెక్కితే పొర పెరిగి పలచబడుతుంది. అందుకే ఆ గంట.

దీని మీద ఒక పాత తగాదా ఉంది. కెనడాలో ట్రెయిల్ అనే ఊళ్లో లోహం కరిగించే కర్మాగారం, కొలంబియా నది లోయలో. దాని గంధకం పొగ లోయ వెంబడి సరిహద్దు దాటి అమెరికా రైతుల పంటలు పాడుచేసింది. రెండు దేశాల ట్రిబ్యునల్ దాకా వెళ్లింది, 1938లో ఒకటి, 1941లో ఒకటి తీర్పులు. ఆ విచారణ కోసం లోయ పొడవునా యంత్రాలు పెట్టి కొలిస్తే, దగ్గరి చోటా దూరపు చోటా పొద్దున దాదాపు ఒకే సమయానికి పొగ ఎక్కువైంది. గాలి మోసుకొస్తే దగ్గరి ఊరికి ముందు, దూరపు ఊరికి వెనక రావాలి. ఒకేసారి వచ్చిందంటే పైన అప్పటికే పరుచుకుని ఉన్న పొగ కిందికి దిగిందన్నమాట.

రిపోర్టులు_రాసేవాడు

ఆ తీర్పులో నాకు నచ్చేది ఇంకోటి. కర్మాగారం మూసేయమనలేదు. గాలి దిశ, గాలిలో కలగలుపు ఎంత ఉంది చూసుకుని, ఆ వేళకు ఇంతకంటే ఎక్కువ వదలొద్దని నియమం పెట్టారు. మన దగ్గర అనుమతుల్లో 'తగిన జాగ్రత్తలు తీసుకోవాలి' అని ఒక వాక్యం ఉంటుంది, అంతే.

కెరమెరి_ఘాట్_టీచర్

మా ఘాట్ సంగతి చెప్తా. జనవరిలో పొద్దున స్కూలుకు బండి మీద ఎక్కుతుంటే కింద గూడేల్లో పొయ్యిల పొగ కొంత ఎత్తుకు లేచి ఆగిపోయి, అక్కడి నుంచి పక్కలకు పరుచుకుంటుంది. ఎక్కుతూ పోతే ఒక మలుపు దాటాక ముఖానికి వెచ్చటి గాలి తగులుతుంది, స్వెట్టర్ జిప్పు తీయాలనిపిస్తుంది. కొత్తగా వచ్చిన టీచర్లు పైన చలి ఎక్కువుంటుందని రెండేసి శాలువాలు తెస్తారు. పైకంటే కిందే చలి, పొగ కూడా కిందే.

పత్తిచేను

టీచరమ్మా మీ ఘాట్లు నిజమైన కొండలు. ఆయన గుట్ట గురించి నా డౌట్ నాకు అట్లే ఉంది. తొంభై మీటర్లకు ఇంత కథ ఉంటుందా?

లెక్కలసారు

@పత్తిచేను నూరు మీటర్ల గుట్ట మీద ప్రయోగమే చేశారు. 1980లో అమెరికాలో ఐడహో రాష్ట్రంలో సిండర్ కోన్ బ్యూట్ అనే ఒంటరి గుట్ట, ఎత్తు సుమారు నూరు మీటర్లు. చుట్టూ మైదానం, అచ్చం మన రాతిగుట్టల తరహా. రాత్రిపూట దానికి ఎదురుగా వేరువేరు ఎత్తుల్లో గుర్తుపట్టగలిగే వాయువును వదిలి, గుట్ట మీదంతా గాలి నమూనాలు పట్టారు. కింద వదిలింది గుట్టకు తగిలి పక్కలకు చీలింది, పైన వదిలింది శిఖరం దాటింది. రెంటికీ మధ్య ఒక హద్దు ఎత్తు ఉంటుంది. ఇందాక ఏర్మాడ్‌లో రెండు పొగల గురించి రాశారే, ఆ లెక్కకు మూలం ఆ హద్దే.

ఆ ఎత్తు కట్టడం పెద్ద కష్టం కాదు. గాలి వేగాన్ని గుట్ట ఎత్తుతోనూ, గాలి బిగువును చెప్పే ఒక సంఖ్యతోనూ భాగించాలి. వచ్చింది 1 దాటితే గాలంతా గుట్ట ఎక్కుతుంది. తక్కువైతే, ఉదాహరణకు 0.4 వస్తే, గుట్ట పై 40 శాతం ఎత్తులో ఉన్న గాలి మాత్రమే దాటుతుంది, కింది 60 శాతం చుట్టి పోతుంది. బిగువు సంఖ్య కోసం గుట్ట పైనా కిందా ఒకే సమయంలో ఉష్ణోగ్రత కావాలి.

గుట్టకింద_ఇల్లు

గుట్ట మీద ఆంజనేయస్వామి గుడి ఉంది. పూజారి మా క్లాస్‌మేటే. థర్మామీటర్ పెట్టి తెల్లారి చూడమంటా. ఏ టైమ్‌కు చూడాలి సార్?

లెక్కలసారు

ఎండ రాకముందు, ఐదున్నర ప్రాంతంలో. ముందు రెండు థర్మామీటర్లనూ ఒక రాత్రి పక్కపక్కన పెట్టి తేడా ఎంత చూపిస్తున్నాయో రాసుకో, చవక వాటికి అర డిగ్రీ తేడా మామూలే. గోడకు, రేకులకు ఆనించకు. మనిషి ఎత్తులో వేలాడదీయి.

ఉత్తరగాలి

ఐదున్నరకు చూడు, అదే టైమ్‌కు వాతావరణ శాఖ బెలూన్లు కూడా ఎగురుతాయి. మనకు దగ్గర్లో హైదరాబాద్, జగ్దల్‌పూర్, నాగ్‌పూర్. ఈ రిపోర్టుల్లో పైగాలి డేటా వాటి నుంచో, లేకపోతే దాదాపు 30 కి.మీ. గడుల ప్రపంచ డేటా నుంచో తీసుకుంటారు. చెరువు కట్ట కింద చలి వాటికి ఏం తెలుస్తుంది?

రిపోర్టులు_రాసేవాడు

నిజమే, దానికే మేం సైట్‌లో మూడు నెలలు గాలి యంత్రం పెడతాం.

గుట్టకింద_ఇల్లు

మా రిపోర్టులో మార్చి నుంచి మే అని ఉంది.

పత్తిచేను

హహ. చలికాలం పొగకు ఎండాకాలం కొలతా.

రిపోర్టులు_రాసేవాడు

నవ్వకండి. రూల్‌లో వానాకాలం తప్ప ఏదో ఒక సీజన్ అని ఉంది, అందుకే ఎండాకాలం. పైగా క్వారీ అంటే మొదటి సమస్య దుమ్ము. దుమ్ము ఎక్కువ లేచేది ఎండాకాలమే, నేల పొడి, గాలి బలం, లారీలు తిరిగే మట్టి రోడ్డు. దుమ్ముకు ఎండాకాలమే చెడ్డ కాలం అని నేను కోర్టులో కూడా చెప్తా.

నిట్_ఆరో_సంవత్సరం

లేచే దుమ్ముకు మీ మాట ఒప్పుకుంటా. లేచింది ఎక్కడ నిలుస్తుంది అన్నది వేరే ప్రశ్న. క్రషర్ రాత్రి షిఫ్ట్ నడిపితే చలికాలంలో తక్కువ దుమ్ము లేచినా ఆ కొంచెమే వాగు వెంబడి వచ్చి చెరువు పల్లంలో కూర్చుంటుంది. ఎండాకాలంలో లేచిన ఎక్కువ దుమ్ము చాలా పెద్ద గాలిలో కలుస్తుంది. లావు రేణువులు దగ్గర్లోనే రాలిపోతాయి, సన్నవే ఊరికొచ్చేవి. రెండు కాలాలకూ లెక్క కట్టి రెండూ చూపించాలి.

ఇంకోటి, ఏర్మాడ్ గాలి లేని గంటలను లెక్కలోంచి తీసేస్తుంది. గాలి వేగం సున్నా అయితే దాని సూత్రం పనిచేయదు, భాగహారంలో సున్నా పడుతుంది. ఆ గంటలు తీసేసి మిగతా గంటలకు సగటు కడుతుంది, 24 గంటల సగటుకు కనీసం 18తో భాగించాలని రూల్. మన చలికాలం రాత్రుల్లో గాలి కదలని గంటలు ఎన్ని? సరిగ్గా పొగ నిలిచే గంటలే లెక్కలో ఉండవు.

రిపోర్టులు_రాసేవాడు

ఇది ఒప్పుకుంటా. దీనికి మా దగ్గర కూడా జవాబు లేదు.

లెక్కలసారు

24 గంటల సగటు సంగతి కూడా చూడండి. పీఎం10కి (10 మైక్రాన్లు, అంతకంటే సన్నని దుమ్ము రేణువులు) మన జాతీయ ప్రమాణం 24 గంటలకు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. పొద్దున రెండు గంటలు 400 ఉండి, మిగతా 22 గంటలు 50 ఉంటే సగటు 79. పాస్. ఆ రెండు గంటల్లో పాలు పితికేవాళ్లు, స్కూలుకు పోయే పిల్లలు బయటే ఉంటారు.

మిర్చిబజ్జి_సెంటర్

నా ఇంటర్ మార్కులు కూడా ఇట్లాగే సగటు తీసి పాస్ చేశారు, అందుకే బజ్జీలు వేస్తున్నా.

అడ్మిన్

@గుట్టకింద_ఇల్లు మీరు పెట్టిన ఫోటోలో ఒకరి ఫోన్ నంబర్ కనిపిస్తోంది, తీసేశాను. నంబర్ చెరిపి మళ్లీ పెట్టండి.

గుట్టకింద_ఇల్లు

సారీ అడ్మిన్. ఫోటో అవసరం లేదు, అంకెలు రాస్తా. థర్మామీటర్లు లెక్కలసారు చెప్పినట్టు పక్కపక్కన పెట్టి తేడా సరిచేశా. తెల్లవారి ఐదున్నరకు చెరువు కట్ట కింద 14, గుడి దగ్గర 16.5. గుడికీ కట్టకూ ఎత్తు తేడా ఫోన్‌లో చూస్తే తొంభై మీటర్ల దగ్గర చూపిస్తోంది. గాలి వేగం కొలిచేది లేదు, గుడి జెండా అప్పుడప్పుడు కదులుతోంది అన్నాడు పూజారి.

లెక్కలసారు

మంచి డేటా. తొంభై మీటర్లకు రెండున్నర డిగ్రీలు పెరిగింది. మామూలుగా పైకి పోతే నూరు మీటర్లకు ఒక డిగ్రీ తగ్గాలి, అది కూడా కలుపుకుంటే బిగువు సంఖ్య సెకనుకు 0.036 వస్తుంది. గాలి తెలియదు కాబట్టి మూడు వేగాలకు కడదాం.

సెకనుకు 1 మీటరు అయితే నిష్పత్తి 0.31, అంటే గుట్ట కింది 62 మీటర్ల గాలి ఎక్కదు, చుట్టి వస్తుంది. 2 మీటర్లైతే 34 మీటర్ల దాకా చుట్టి వస్తుంది, పైది దాటుతుంది. 3 మీటర్లైతే హద్దు ఆరు మీటర్లకు పడిపోతుంది, దాదాపు అంతా గుట్ట ఎక్కేస్తుంది. ఒక్క మీటరు తేడాకు ఎంత మారుతుందో చూడండి. జెండా అప్పుడప్పుడు కదిలిందంటే ఒకటీ రెండు మధ్య అనుకుంటున్నా.

@పత్తిచేను తొంభై మీటర్ల కథ ఇదే.

పత్తిచేను

సరే సారూ, గుట్టకు దండం.

రిపోర్టులు_రాసేవాడు

లెక్క బాగుంది గానీ ఒకటి వదిలేశారు. హాట్ మిక్స్ చిమ్నీ పొగ వేడిగా, తోసుకుంటూ వస్తుంది. చిమ్నీ 30 మీటర్లు అనుకుంటే పొగ అక్కడ ఆగదు, ఇంకో పదిహేను ఇరవై మీటర్లు లేచాకే అడ్డంగా తిరుగుతుంది. గాలి 2 మీటర్లున్నప్పుడు మీ హద్దు 34, పొగ యాభై దగ్గర. అంటే గుట్ట దాటిపోతుంది, సందులోకి రాదు. ఏర్మాడ్ ఈ లేవడాన్ని లెక్కిస్తుంది.

లెక్కలసారు

2 మీటర్ల గాలికి మీరన్నట్టే. 1 మీటరుకు హద్దు 62, అప్పుడు పొగ లోపలే. గాలి తగ్గితే పొగ ఇంకొంచెం ఎత్తుకు లేస్తుంది కూడా, అయినా 62 దాటుతుందో లేదో చిమ్నీ వివరాలు లేకుండా చెప్పలేం. వాయువు వేడి, వేగం, గొట్టం వెడల్పు రిపోర్టులో ఉండాలి. క్రషర్ దుమ్ముకు ఈ గొడవ లేదు, అది నేల మీదే పుడుతుంది, వేడి ఉండదు, లేవదు.

నిట్_ఆరో_సంవత్సరం

ఏర్మాడ్‌లో ఇంకో చిక్కు, పొగ మలుపు తిరగదు. ఒక గంటకు ఒకే గాలి దిశ, తిన్నగా గీత. గుట్టకు తగిలింది అని లెక్కిస్తుంది గానీ, చీలి సందులోకి దూరి వాగు వెంబడి ఊళ్లోకి వచ్చింది అని లెక్కించదు. దానికి కాల్‌పఫ్ లాంటి మోడళ్లు కావాలి, పొగను ముద్దలు ముద్దలుగా వదిలి ప్రతి ముద్దనూ అక్కడక్కడి గాలితో నడిపిస్తాయి. రాత్రి వాలుగాలిని కూడా దాని గాలి భాగంలో పెట్టవచ్చు. కానీ దానికి చెరువు దగ్గర ఒక గాలి యంత్రం కొలత కావాలి, లేకపోతే అదీ ఊహే.

కరీంనగర్_గ్రానైట్

ఎత్తుల డేటా గురించి ఎవరూ అనలేదు. చాలామంది వాడే ఎస్ఆర్‌టీఎం అనే నేల ఎత్తుల డేటా 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష షటిల్ తీసింది. మా కరీంనగర్ చుట్టుపక్కల ఆ తర్వాత ఎన్ని గుట్టలు పలకలుగా కోసి పోయాయో మీకు తెలుసు. మోడల్‌లో అవి ఇంకా నిలబడే ఉన్నాయి.

ఖని_బి_షిఫ్ట్

మా దగ్గర ఉల్టా. ఓపెన్‌కాస్ట్ గనుల మట్టి పోసి పోసి కొత్త గుట్టలు అయ్యాయి, దూరం నుంచి చూస్తే నిజమైన కొండల వరసే. 2000 డేటాలో అవి ఉండవు. పక్కనే గొయ్యి, అది కూడా ఉండదు. చలికాలం గొయ్యి అడుగున షావెల్ మీదున్నవాడికి పొద్దున పది దాకా లైట్ చుట్టూ దుమ్మే కనిపిస్తుంది.

నిట్_ఆరో_సంవత్సరం

ఇద్దరిదీ మంచి పాయింట్. యూరప్‌ కోపర్నికస్ వాళ్ల 30 మీటర్ల గడుల ఎత్తుల డేటా 2010 తర్వాతి కొలతలతో చేసింది, కనీసం అది వాడాలి. గొయ్యిలోంచి వచ్చే దుమ్ముకు ఏర్మాడ్‌లో విడిగా ఒక పద్ధతి ఉంది, గొయ్యి లోపలే ఎంత మిగులుతుందో కూడా కడుతుంది. @గుట్టకింద_ఇల్లు అసలు మీ క్వారీ తవ్వేది ఏ గుట్ట?

గుట్టకింద_ఇల్లు

ఉత్తరం పక్క చిన్నది అంట. సందుకు అవతలిది.

లెక్కలసారు

అంటే పదేళ్లలో ఆ సందు ఇంకా వెడల్పవుతుంది! రిపోర్టులో అడ్డుగోడ అని రాసినదాంట్లో సగాన్ని వాళ్లే తవ్వేస్తారు. తవ్వకం పూర్తయ్యాక ఉండే ఆకారంతో కూడా రన్ చేయమని అడగాలి.

మిర్చిబజ్జి_సెంటర్

ఈ ఒక్క పాయింట్‌కు బజ్జీలు ఫ్రీ సారూ.

పత్తిచేను

పొగ కొలిచే చిన్న యంత్రాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా, ఒకటి కొని వాడలో పెడితే రుజువే దొరుకుతుంది.

నిట్_ఆరో_సంవత్సరం

పెట్టండి, కానీ చలికాలం పొద్దున తేమ ఎక్కువుంటే ఆ లేజర్ సెన్సర్లు తేమతో ఉబ్బిన రేణువులను, మంచు బొట్లను కూడా పొగలాగే లెక్కేసి ఎక్కువ చూపిస్తాయి. ఒకటి పెట్టి అంకె చూపిస్తే అవతలివాళ్లు దాన్నే పట్టుకుని కొట్టేస్తారు. రెండు కొని ఒకటి చెరువు కట్ట కింద, ఒకటి గుడి దగ్గర పెట్టి తేడా చూపించండి, తేమ కొలత కూడా పక్కనే రాయండి. బట్టీలు నడిచే రోజులు, ఆగిన రోజులు విడిగా రాస్తే ఇంకా మంచిది.

గుట్టకింద_ఇల్లు

రాతపూర్వకంగా అభ్యంతరం ఇస్తున్నా. ఏర్‌మ్యాప్ నడిపారా లేక ఫ్లాట్ పెట్టారా, ఇన్‌పుట్ ఫైళ్లు ఇవ్వమని అడుగుతున్నా. డిసెంబర్, జనవరికి కూడా లెక్క కట్టమని, తవ్వాక మిగిలే గుట్టతో మళ్లీ కట్టమని. తెల్లవారి గాలి లేని గంటలు ఎన్ని తీసేశారో చెప్పమని. ఇంకా చలికాలంలో సాయంత్రం ఆరు నుంచి పొద్దున తొమ్మిదిన్నర దాకా క్రషర్, హాట్ మిక్స్ నడపొద్దని అనుమతిలోనే షరతు రాయమని, ఇది ఆ కెనడా సంగతి చదివాక తట్టింది. థర్మామీటర్ అంకెలు కూడా పెట్టనా?

రిపోర్టులు_రాసేవాడు

పెట్టు తమ్ముడూ, కానీ ఒక రోజువి కాదు. హియరింగ్ దాకా రోజూ రాయించు, మబ్బు పట్టిన రోజులు, తేడా లేని రోజులు కూడా వదలకుండా రాయి. నీకు పనికొచ్చే రోజులే ఏరి పెట్టావని అంటే మొత్తం పోతుంది. పొద్దున పది అని కాకుండా తొమ్మిదిన్నర ఎందుకన్నావో కూడా ఒక లైన్ రాయి, పొగ మాయమయ్యే టైమ్ నీ అంకెల్లోంచే వస్తే షరతుకు బలం. హియరింగ్‌లో మైకు దొరక్కపోయినా పర్వాలేదు, కాగితం ముందే ఇచ్చేయి, రెండో కాపీ మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబర్, తేదీ వేయించుకో. మాటతో చెప్పినవి మినిట్స్‌లో 'గ్రామస్థులు దుమ్ము గురించి ప్రస్తావించారు' అని ఒక్క లైన్ అయిపోతాయి, నేనే ఎన్నిసార్లు టైప్ చేశానో.

గుట్టకింద_ఇల్లు

సరే అన్నా. పూజారికి ఇంకో నోటుబుక్కు కొనిచ్చా, వేగం కొలిచే చిన్న గాలి మీటర్ ఎవరిదగ్గరైనా ఉంటే హనుమకొండలో నెల రోజులకు అరువు కావాలి.

ఉత్తరగాలి

నా దగ్గర ఉంది. కాజీపేట వస్తే ఇస్తా, బ్యాటరీ నువ్వే వేసుకో.